తవుడిచ్చి కొన్న పిల్ల

— పిన్నీ, రేపు కార్డు ఆపీసులో మీ అమ్మమ్మ తల్లిదండ్రుల పేర్లు నన్నే సెప్పమంటారట. ఎవరి పేర్లు సెప్పాలి?

కూకో, సెప్తాను. ఫ్యాను ఎయ్యకు, కరెంటు లేదు.

పెద్ద కతేం కాదులే. నాకు మాటలు రావని నీకు తెలుసు కదా. నాలుగో క్లాసు వరకే సదివేను, ఆ నాలుగూ వెనక బెంచీలోనే. నలుగురున్న సోట నోరెత్తాలంటే సెమటలు పడతాయి. అలాటిదాన్ని పట్టుకుని మీ అమ్మ, "నువ్వెల్లి పాత పుస్తకాలు సూపించుకుని రాయే, నాకు కొట్టుంది" అన్నాది. కొట్టు దానికి ఎప్పుడూ ఉంటాది.

మన ఇంట్లో ఈ బర్మా దేశంలో మొట్టమొదట పుట్టింది మా అమ్మమ్మ తవిటమ్మ. ఆవిడ ఇక్కడే పుట్టినట్టు, ఎవరికి పుట్టినట్టు కాయితముంటే నీకు ఈ దేశం మనిసివని కార్డు. కార్డుంటే లైంగ్‌థార్యార్ ఫ్యాక్టరీలో నిన్ను పర్మినెంటు సేస్తారు. లేపోతే ఇంకొన్నేళ్ళు అలాగే గుండీలు కుట్టుకో. అంతే సంగతి.

అయితే అమ్మమ్మ వాళ్లమ్మ పేరు మాకెవ్వరికీ తెలీదు. నవ్వకు. సిన్నప్పుడు నేనడిగేను. "అమ్మ పేరు అమ్మే" అన్నాది. మరి నాన్న పేరో అంటే, "అమ్మ ఏనాడూ అనలేదు, నాకెలా తెలుస్తాది" అన్నాది. మొగుడి పేరు నోటితో అనేవోరు కాదు కదా ఆ రోజుల్లో. ఇప్పుడు మీ అమ్మ మీ నాన్నని పేరెట్టే పిలుస్తాది, పేరుతో ఆగదు కూడా.

ఇంకో మాట కూడా అన్నాది అమ్మమ్మ. "మా అమ్మ సచ్చిందాకా నన్ను కూతురా అని పిలవలేదే. పక్కింటి గుంటా అనే పిలిచీది" అని. వాళ్లమ్మకి ఆడపిల్లంటే పడదేమో అనుకున్నాను నేను. అడగలేదు. అడగడం నాకు మొదట్నించీ రాదు.

తామ్వే నుంచి రెండు బస్సులు మారి ఎల్లేను. అప్పట్లో అయితే ఒక్క చాటు బిళ్ళ ఇస్తే బస్సోడు ఊరంతా తిప్పేవోడు. చాటు కాదు, అర్ద చాటు... పోనీలే. ఆపీసులో సిన్న పిల్ల కూకుంది, రెండు బుగ్గలకీ తనఖా చెక్క గందం రాసుకుని. మంచి పిల్ల. "ఏ పేరు, అడో?" అని అడిగింది. పిన్నీ అన్నట్టే కదా అది. తవిటమ్మ అన్నాను. ఏ పేట అంటే మింగళ తౌంగ్‌న్యున్, రైలుపట్టాల వెనక సందు అన్నాను. పుట్టిన లెక్కల పుస్తకం తీసింది, ఎండాకులాగ విరుగుతుంది ఆ కాయితం. సదివింది.

"పిల్ల పేరు తవిటమ్మ. తండ్రి ఊ బాతేన్. తల్లి డో మ్యా."

నేను ఇంకో తవిటమ్మేమో అన్నాను. అనలేదు, అనుకున్నాను. బర్మావోలు కూతురికి తవిటమ్మని పేరెట్టుకుంటారేటి సెప్పు?

ఆ పిల్లకీ అనుమానం వొచ్చినట్టుంది. అదే సందుది పాత జనాబా లెక్కల పుస్తకం కూడా తెచ్చింది. డో మ్యా ఇంట్లో ముగ్గురు: మొగుడు, పెళ్లాం, కూతురు తవిటమ్మ, రెండేళ్లు. దాని పక్కిల్లు. అప్పన్న, రేవులో మూటలు మోసే పని. బార్య సన్నేసమ్మ. పనిపిల్ల తవిటమ్మ, రెండేళ్లు.

"అడో, రెండేళ్ల పిల్ల ఏటి పని సేస్తాది?" అని అడిగింది.

నాకేటి తెలుసు. మన వంశంలో అంత తొందరగా ఉద్యోగం దొరికింది ఆవిడికే.

అప్పుడు తట్టింది నాకు. తవుడు. మనోలలో పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, తరవాతి గుంటని సేటలో ఎట్టి పక్కింటోలకి అమ్మేస్తారు. వాళ్లు దోసెడు తవుడిస్తారు. ఇంక ఆ గుంట మనది కాదు, యముడు మన గుమ్మంలోకొచ్చి సూసినా ఎతుక్కోడానికేటీ ఉండదు. తవుడికి అమ్మేరు గనక తవిటమ్మ. తవుడు అప్పట్లో మిల్లుకాడ ఊరికే ఇచ్చేవోరు. ఇప్పుడది కూడా కొనాలి.

తనకి ముందు ముగ్గురు పోయేరని అమ్మమ్మే అనీది, అంటే సన్నేసమ్మకి ఈవిడ నాలుగోది. మనోలింటికే అమ్మితే యముడు పోల్చేస్తాడని బయపడిందేమో, బర్మావోలింటికి అమ్మింది. తెలివైందే. కానీ డో మ్యాకి ఇదంతా మాటవరసకని ఎవరు సెప్పేరు? పుట్టిన లెక్కలోడు వొచ్చి ఈ పిల్లెవరిదని అడిగితే సన్నేసమ్మ నాది కాదన్నాది. డో మ్యా నాదే అని ఉంటాది. తవుడిచ్చింది కదా మరి. రెండేళ్ల తరవాత జనాబా లెక్కలోడొచ్చి, "మరి నీ సంక మీద ఎందుకుంది?" అంటే పనిపిల్ల అని సెప్పుంటాది సన్నేసమ్మ. మన వల్ల ఈ ఊరి జనాబా ఒకటి ఎక్కువైంది.

నిలబడే సూస్తున్నాను. పుట్టిన లెక్కలో చివర ఒక గడుంది. కబురు సెప్పినోలు ఎవరని. ఆ పిల్ల ఏలెట్టి సదివింది. "సన్నేసమ్మ. పక్కింటామె." కింద బొటనేలి ముద్ర. పెద్ద ఏలే. నా ఏలు పక్కనెట్టి సూసుకున్నాను. ఆ పిల్ల అటు తిరిగి కవర్లు సర్దుకుంది. మంచి పిల్లన్నాను కదా.

కన్నతల్లి, కాయితం మీద తన పేరు పక్కింటామె అని రాయించుకుంది. కూతురా అంటే ఎక్కడ పోతాదోనని సచ్చిందాకా ఆ మాట మీదే ఉంది. మా అమ్మమ్మ ఎనబై దాటి బతికింది. పంటి నొప్పి తప్ప రోగం లేదు.

"తప్పుంటే దిద్దమని అర్జీ పెట్టొచ్చు అడో," అన్నాదా పిల్ల. "కానీ ఈ అప్పన్న, సన్నేసమ్మలు ఓడ దిగొచ్చినోలు. వాళ్ల పేర్లు రాస్తే కార్డుకి మళ్ళీ మొదట్నించీ రావాలి." నన్నే సూస్తుంది. నాకు నోరు రాదు కదా. జీవితంలో మొదటిసారి అది పనికొచ్చింది. నకలు తీసుకుని వొచ్చేసేను.

ఏటే అలా సూస్తావు? అబద్దమంటావా? నేనూ అదే అనుకున్నాను, రెండు బస్సుల దూరం. మరి సన్నేసమ్మ ఏలిముద్ర ఏసి సెప్పిన మాట, ఇన్నేళ్ళకి మనమెల్లి కాదంటామేటి? డో మ్యాకి తవుడు తిరిగిచ్చినోలు కూడా లేరు. అమాస్సికి పెద్దలకి ఎడుతున్నప్పుడు ఆవిడికీ ఒక ఆకు ఏస్తున్నాను. మన పప్పు పడదేమోనని బర్మావోల సేపల మొహింగా కొనితెస్తున్నాను.

రేపు సక్కగా నిలబడి సెప్పు. ఊ బాతేన్, డో మ్యా. గొంతు పెద్దది సేసి సెప్పు, నాలాగ నీళ్ళు నమలకు. నేనూ వొస్తాను నీతో. నువ్వెవరివని నన్నడిగితే పక్కింటామెనని సెప్తాను. మీ ఇల్లు మా పక్కనే కదా, అబద్దం కూడా కాదు.

లే, ఎల్లి అన్నం తిను. నీకేటీ అవదు. పక్కింటి గుంటవి నువ్వు.