గొర్రెకు ఫోటో తెల్వదు

హలో… ఆ, నేనే. దీప్తి వాళ్ల అవ్వను, గుర్వమ్మను. ఎవలు?

…బడి పెద్దసారా. శ్రీశైలం సారు. ఏమాయె సారూ, పిల్ల బడికి రాలేదా?… వచ్చిందా. మల్ల?

నాతోని పనా… నాతోని నీకేం పని పడ్డది. మొన్ననేగద వాగు కాడ నన్ను చూసి, పిల్లలతోని సీటీ ఊదిపిచ్చి, జీవాలను అటు కొట్టుకపొమ్మంటివి.

…అది మనసుల పెట్టుకోవద్దా. సరే, తీసేసిన. చెప్పు.

రేపు… పదింటికి… పెద్దాఫీసరు వస్తున్నడు, మీ బడోళ్లు బాగు చేసిన వాగు చూడనీకి. మంచిదే. వాగుల పాతిన ఆ నల్లరాయికి కట్టిన పరద గూడ రేపే తీస్తరా. మూడు నెలల సంది మూట గట్టి ఉంచితిరి, దానికి గాలాడాలె గద.

నా గొర్లా?

…ఉండు సారూ, జర కూసుంట. నిలవడి వినే ముచ్చట కాదిది.

ఆ, ఇప్పుడు చెప్పు… వాగుల గొర్లు నీళ్లు తాగుతున్నట్టు ఫోటో… డ్రోన్ గూడ తెస్తున్నరు… ఓహో.

అరె, వాగు సుట్టు ముండ్లతీగ కడితిరి, గేటు పెట్టి తాళమేస్తిరి, 'పశువులకు ప్రవేశం లేదు' అని రేకు మీద రాస్తిరి. నాకు చదువు రాదు, దీప్తితోని చదివిపిచ్చుకున్న. నా గొర్లకు గూడ రాదు గని, తీగ గుచ్చుకున్నంక వాటికి సమజైంది.

…వాగు రక్షణ. అవునవును. ఎవల నుంచి రక్షణ?… ఊఁ… పేరు చెప్పనీకి సిగ్గయితుందా. నేనే చెప్త. నా నుంచి.

సరే సారూ, ఒక్క మాట చెప్పు. వాగుల నీళ్లేవి?

…ట్యాంకరా. మక్తల్‌కెళ్లి తెప్పిస్తున్నవా.

…లేదు, నవ్వుతలేను, దగ్గు… నవ్వుతున్న, నిజమే. ఉసికెల పోస్తే ఆఫీసరు కారు దిగేదాంక ఉంటయా ఆ నీళ్లు?… ఏంది?… కింద ప్లాస్టిక్ పట్ట పరిచి, దాని మీద నీళ్లు పోసి, అంచులకు ఉసికె కప్పుతరా.

ఎవలిదీ తెలివి?… నీదేనా. సదువుకున్నోళ్లది వేరే ఉంటది సారూ.

విను సారూ. గొర్రెకు ఫోటో తెల్వదు. నవ్వుమంటే నవ్వది, వంగుమంటే వంగది. ఆ పట్ట మీద కాలువెట్టాలంటేనే బెదురుతది. ఆ వాసన నీళ్లు మూతికి తాకనియ్యది. ఒక్కటి తల తిప్పిందంటే మందంత తిప్పుతది. అది గూడ డ్రోన్‌ల పడుతది మల్ల.

…ఏం చేయాల్నా?

పోయినేడు ఇవే దినాలల్ల ఇదే వాగుల నా మంద నీళ్లు తాగింది. తీగ లేదు, ట్యాంకరు లేదు, నువ్వూ లేవు. ఎట్లంటవా? చెలిమ సారూ. ఉసికెల నడుములోతు తవ్వితే అడుగున నీళ్లు ఊరుతయి. మా మామ చూపెట్టిన జాగా అది. వాగు పారితే పూడుతది, ఎండినంక మల్ల అక్కడ్నే తవ్వుతం. అరవై గొర్లు తాగినంక గూడ తెల్లారేసరికి నిండుతుండె.

…ఆ, అదే గుంత. నీకు గుంత, మాకు చెలిమ. దోమలస్తయని, పిల్లలు పడతరని, సాపుగ కనవడాలెనని గుంతలన్నీ పూడిపిస్తిరి. వాగు ఇప్పుడు అద్దం లెక్కుంది, కాదన. పైన పటారం, లోన లొటారం.

ఆ గుంతలు పూడ్చినోళ్లల్ల ముంగట ఎవలో ఎరుకేనా? నా మనుమరాలే. చేతులు బొబ్బలెక్కినయి. 'జలమిత్ర' అని సర్టిఫికెట్ ఇస్తిరి గద, గోడకు కొట్టుకుంది.

…చెలిమ అని దానికి తెల్వదా అంటవా? తెల్సు. దాంట్లకెళ్లే దోసిట్ల నీళ్లు తాగి పెరిగింది. గని సారు గుంత అన్నడు. అవ్వ మాట కన్న సారు మాట పెద్దది గద ఆ వయసుల.

పిల్లను ఒక్క మాట అనలే నేను. అనాల్సినోన్ని అననీకి ధైర్యం లేకుండె. ఇయ్యాల నువ్వే ఫోన్ జేస్తివి.

…తప్పైందా. ఎవలితోని చెప్తున్నవు సారూ, నాతోనా? మూడు నెలల సంది దినాం బుచ్చయ్య బోరు దాంక తోలుతున్న జీవాలను, పోనీకి ఒక పూట, రానీకి ఒక పూట. సూడి గొర్రె ఒకటి తొవ్వల పడి లేవలే. దూపకు నాలుక బయటేసి నన్నే చూసింది. ఆ దినం బువ్వ ముట్టలే నేను. నీకు అది చెప్పాలెనని వొస్తే, మీటింగుల ఉన్నవన్నరు.

…ఊఁ… ఊఁ… ఏడ్వకు, ఆఫీసరు ముంగట ఏడ్చేది ఉంది ఇంక.

వస్త. మందంత తోలుకొస్త. గని రెండు మాటలు. గేటు తాళంచెవి నా కొంగుకుండాలె. రేపటికే గాదు, ఎల్లకాలం… రూల్సా. ఆ రూల్సే రేపు నీళ్లు తాగుతయేమో అడుగు… ఆ. గట్ల రా తొవ్వకు.

రెండోది. ఇయ్యాల బడి విడవంగనే పిల్లలకు పారలిచ్చి తోలుకరా. చెలిమ మల్ల తవ్వాలె. మొదటి పార దీప్తి ఎయ్యాలె. పొద్దుగాలకు నీళ్లూరుతయి. అప్పుడు నా గొర్లు ఫోటో అనకుంటనే తల వంచుతయి, నీ డ్రోన్ ఎన్ని సుట్లన్న తిరుగని.

దూపైనప్పుడు బాయి తవ్వినట్టు అంటరు గద సారూ, మీరు బాయి పూడ్చి దూప తెచ్చుకున్నరు.

…ఏడ తవ్వాల్నా? నీకు తెల్వదా?… అవ్, నువ్వు ఆ దినం పట్నం పోయినవ్. పిల్లలు అన్నీ పూడ్చుకుంటొచ్చి ఆఖరుకు దాని కాడికొచ్చిన్రు. మేస్త్రీ ఆగుమన్నడు. 'గుంత తయారుగనే ఉంది, నాకు తవ్వే పని తప్పింది' అని సిమెంటు కలిపిండు. కలపనీకి నీళ్లు గూడ దాంట్లకెళ్లే ముంచిండు.

…దేనికంటవేంది. నీ నల్లరాయికే. 'వాగును కాపాడుదాం' అని, కింద నీ పేరు, బంగారు అక్షరాలు. ఆ… దాని కిందనే.

…పక్కకు జరిగి తవ్వితే? తీగ కట్టకముందే నేను తవ్వి చూడలేదనుకున్నవా. పక్కకు జరిగితే బండ వస్తది. ఊట అక్కడొక్క జాగలనే.

ఆ, ఇనవడుతుంది, చెప్పు… గడ్డపారనా?… ఉంది, మా ఇంట్లనే ఉంది.

నేనే పట్టుకొస్త సారూ. ఉంట మల్ల, జీవాలు ఒర్లుతున్నయి.