బకెట్లో సెన్సరు

ఊరికి నీళ్ళు పంపే ప్లాంటు. ఉదయం ఏడు దాటి పది నిమిషాలు. కంట్రోల్ రూములో ఆపరేటరు మావగారు, ఆయన ఎదురుగా చేతిలో గాజు సీసాతో ల్యాబు నుంచి పరిగెత్తుకొచ్చిన కోడలు. రాత్రి డ్యూటీ దిగడానికి ఇద్దరికీ ఇంకా గంట టైముంది.

“వాసన చూడండి మావయ్యా. దగ్గరగా పెట్టుకుని చూడండి.”

“నాకు జలుబమ్మా.”

“రాత్రంతా లేని జలుబు ఇప్పుడెక్కణ్ణించి ఊడిపడింది? చూడండి. థిన్నరు. తలుపులకి రంగులేసేటప్పుడు వస్తుందే, అదే వాసన. ఇవి ఏటి నీళ్ళు కావు, ఊళ్ళోకి వెళ్తున్న నీళ్ళు!”

“సీసా సరిగ్గా కడిగావా?”

“మూడు సీసాలు పట్టాను. మూడూ ఇంతే.”

“కంగారు పడకు. ఇదిగో, స్క్రీనంతా పచ్చగానే ఉంది. ఏటి నుంచి నీళ్ళొచ్చే కాలవలో కొత్త సెన్సరు పెట్టారు కదా, ఏ కెమికలు తగిలినా గేటు అదే మూసేస్తుంది. నీ ముక్కూ నా ముక్కూ దాని ముందు ఏపాటి?”

“మరి ఎందుకు మూయలేదు?”

“ఏమీ లేదు కాబట్టి.”

“ఏమీ లేకపోతే ఇదేంటి? జరగండి, నన్ను చూడనివ్వండి... ఇదేం రీడింగు మావయ్యా, గీత గీసినట్టుంది! పది రోజుల్నించీ ఒకటే అంకె. మొన్న వానకి ఏరంతా బురదొచ్చింది కదా, ఆ రోజూ ఇదే అంకె.”

“కొత్త మెషీను. దాని సంగతి మనకేం తెలుస్తుంది.”

“మావయ్యా.”

“ఏంటి.”

“సెన్సరు కాలవలోనే ఉందా?”

“ఎక్కడికి పోతుంది? కాళ్ళున్నాయా దానికి?”

“నా మొహం చూసి చెప్పండి.”

“... బకెట్లో ఉంది.”

“బకెట్లోనా!”

“అరవకు. మంచినీళ్ళ బకెట్లో పెట్టాను. ఏం చెయ్యమంటావు? పాచి తగిలితే అలారం, ఆకు తగిలితే అలారం. అది మోగడం, గేటు పడిపోవడం, ఊరంతా నీళ్ళాగిపోవడం, ఇంజనీరు గారు నన్ను నిలబెట్టి నానా మాటలూ అనడం! నాలుగుసార్లు తిన్నాను చివాట్లు. ఇంకో మూడు నెలల్లో రిటైరవుతాను. రెండ్రోజులుంచి మళ్ళీ కాలవలో దించుదామనే అనుకున్నానమ్మా.”

“అయ్యో... ముందు గేటు మూయండి. మీ చేత్తో మూసే స్విచ్చుందిగా, నొక్కండి!”

“మూస్తే, ఎందుకు మూశావంటారు. కాలవ దగ్గరికొస్తారు. బకెట్టు చూస్తారు.”

“చూడనివ్వండి! ఆరున్నరకి నీళ్ళు వదిలాం. నలభై నిమిషాలైంది. ఈపాటికి బడికెళ్ళే పిల్లలు సీసాలు నింపుకుంటూ ఉంటారు. ఆస్పత్రికీ ఈ పైపే. నొక్కండి మావయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటాను.”

“నొక్కుతున్నా... నొక్కుతున్నా తల్లీ.”

“పంపులు కూడా.”

“ఆగాయి. గేటు పడింది.”

“ఇప్పుడు ఆ ఎర్ర బటను. ఊళ్ళో ఫోన్లన్నిటికీ నీళ్ళు తాగొద్దని మెసేజి వెళ్ళాలి.”

“అది నొక్కితే ఇంజనీరు గారికీ వెళ్తుంది.”

“వెళ్ళాలి!”

“ఎప్పుడు తెలిసిందని అడుగుతారు. ఏడూ పదికని చెబుదాం. నువ్వు సీసా తెచ్చావు, మనం వెంటనే ఆపేశాం. అబద్ధమేం కాదుగా?”

“ఏదో ఒకటి చెబుదాం, జరగండి ముందు... నొక్కాను. వెళ్ళింది. దేవుడా! ఇంటికి చెప్పాలి, ఇంటికి. అత్తయ్య ఈ వేళకే పాపకి పాలు కలుపుతారు. ఆవిడ మెసేజిలు చూడరు. నా ఫోను ల్యాబులో వదిలేశాను. మీదివ్వండి.”

“అక్కర్లేదు.”

“అక్కర్లేదేంటి? ఇవ్వండి మావయ్యా, నా బిడ్డ...”

“పాపకేం కాదు. మనింట్లో ఎవరూ కుళాయి తిప్పరు. నిన్న పట్టిన నీళ్ళే వాడమని మీ అత్తయ్యకి చెప్పాను.”

“చెప్పారా? హమ్మయ్య... ఎప్పుడు?”

“చెప్పాన్లే.”

“ఎప్పుడు చెప్పారు మావయ్యా? ఇప్పటిదాకా నా ఎదురుగానే ఉన్నారుగా.”

“ఐదింటికి. కాలవ దగ్గరికి రౌండుకెళ్ళినప్పుడు. వాసనొచ్చింది. కాసేపట్లో పల్చబడిపోతుందిలే అనుకున్నాను. భయమేసిందమ్మా, చాలా భయమేసింది.”

“ఐదింటికే తెలిసి, ఆరున్నరకి నీళ్ళు వదలనిచ్చారా!”

“అలా చూడకు నన్ను. ఇదిగో, ఇంజనీరు గారు చేస్తున్నారు. నేను మాట్లాడతాను, ఇటివ్వు. అమ్మాయ్, ఆ రిసీవరు ఇటివ్వు.”

“హలో, ల్యాబు నుంచండీ. గేటూ పంపులూ ఆపేశామండీ. ఆ, మెసేజి వెళ్ళింది. ఆస్పత్రికి మీరే చెబుతారా? బళ్ళకి కూడా చెప్పండి సార్, త్వరగా. ... ఏంటండీ? ఎప్పుడు తెలిసిందా?”

“ఏడూ పది. ఏడూ పదని చెప్పు తల్లీ.”

“నాకు ఏడూ పదికి తెలిసిందండీ. మా మావయ్యకి ఐదింటికి.”