సర్వపిండికి దిష్టిచుక్క

ఆఫీసులవాళ్లు ఇళ్ల నుంచే పని చేయడం మొదలుపెట్టాక కొత్తగూడలో మా సర్వపిండి రొట్టెల బండికి గిరాకీ సగమైంది. యాప్‌లోనైనా ఆర్డర్లు రాకపోతే బండి మూసుకోవాలేమోనని నాకు భయం. నా బిడ్డ ఫోన్ పట్టుకొని నా పక్కన నిలబడింది.

“అమ్మా, పొద్దున యాప్‌ల ఫోటో పెట్టిన. ఒక్క ఆర్డరు గూడ రాలే.”

“ఆ ఫోటో చూసి, బండి తీసెయ్యమని పోలీసులు గిట్ల వస్తరేమోనే!”

“సర్వపిండికి పోలీసులెందుకొస్తరే? ఆగు... ఫోటోల మంచి సర్వపిండ్ల నడుమ ఈ నల్లగ మాడిందేంది?”

“నేనే పెట్టిన బిడ్డా. పట్నమంత చూసే ఫోటో. దిష్టి తగులదా?”

“పసిపిల్లకు చుక్క పెట్టినట్టు దీనికి గూడ పెట్టినవా! మాడింది చూసి ఎవరు కొంటరే?”

“అయ్యో, బండి మునిగింది. తీసెయ్యి, జల్ది తీసెయ్యి!”

“తీస్తున్న... ఆగాగు! ఆర్డరొచ్చింది. మియాపూర్‌కు, మూడు.”

“తిట్టిన్రా?”

“తిట్టలే. ‘ఫోటోల ఉన్న ఆ నల్లదానిలెక్క మాడాలె. మా అమ్మమ్మ గట్లనే చేసేది’ అని రాసిన్రు.”

“మూడూ మాడ్చాల్నా? తిన్నంక వాళ్ల కడుపు గిట్ల నొస్తే?”

“అమ్మా! ముందు మంట పెంచు!”