పెయింటర్ మామ, నల్లుల దండు

"నల్లులా? నా దగ్గరా నల్లుల మాట!" అంటూ పెయింటర్ మామ టీ గ్లాసు పక్కన పెట్టి రెండు కాళ్ళూ బెంచీ మీదికి లాక్కున్నాడు. ఇక ఆ పూటకి మా పనులు అయినట్టే.

టైలరు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఒళ్ళో పంజరం, పంజరంలో పసుపుపచ్చ పిట్ట, పిట్ట పడుకునే చెక్క గూడు. గీరుకుని గీరుకుని పిట్ట మెడ బోడిగా అయిపోయింది, కూత మానేసింది. టైలరు అత్తగారికి చూపు లేదు. ఆ పిట్ట కూస్తేనే ఆవిడకి తెల్లారినట్టు. ఇప్పుడావిడ మంచం దిగడం లేదు, అన్నం ముట్టడం లేదు.

"పిట్ట పోతే అత్తయ్య కూడా దక్కదు మామా," అన్నాడు టైలరు. "రాత్రి పంజరం మీద తెల్లగుడ్డ కప్పితే పొద్దున్నకి గుడ్డ నిండా ఎర్ర చుక్కలు, అవి పాకుతున్నాయి కూడా. పగలు వెతికితే ఒక్కటీ కనపడదు. పిట్టల్ని పట్టే నల్లులట. నీకేమన్నా తెలుసా?"

"తెలుసా అని అడుగుతావేంటి అల్లుడూ! గూడుకి వంక పెట్టడానికి లేదు, అది నేనిచ్చిందే. కాబట్టి మిగతాది విను. ఆమధ్య ఒక పెద్దాయన పక్షులశాలకి వెల్ల వేయడానికి వెళ్ళానా, అక్కడ చిలకలన్నీ గోక్కుంటున్నాయి, డాక్టర్లు చేతులెత్తేశారు. నేను నిచ్చెనెక్కి గోడ పగులులో వేలు పెట్టి చూశా. ఆవగింజలో పావు వంతు లేదు నల్లి! పగలంతా సందుల్లో నిద్ర, చీకటి పడితే పిట్ట మీద విందు. అదీ దాని గుట్టు. బ్రష్షుతో ఆ సందులన్నీ పూడ్చేశా."

"అంతేనా?" అంది టీ కొట్టు అక్క, పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ.

"అంతే అయితే నేనెందుకు చెబుతానమ్మా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాటికి కోపం వచ్చింది. ఉన్న పిట్టలన్నిటి రక్తం ఒకేసారి తాగి ఒక్కొక్కటీ గుమ్మడికాయంత అయింది, నా నిచ్చెన కింద చేరి నన్నూ నిచ్చెననీ కలిపి ఎత్తుకుని బయల్దేరాయి, నేను పైన నిలబడే ఉన్నా, చేతిలో బకెట్ ఉంది, ఒక్క చుక్క ఒలికితే ఒట్టు!"

"కిందికి దూకలేకపోయావా?" అన్నాడు సైకిలు షాపతను.

"పని సగంలో వదిలేసే వంశమా మాది? పైనుంచే ఒక్కోదానికీ వెల్ల వేసుకుంటూ పోయా. ఎర్రవన్నీ తెల్లబడిపోయాయి. ఇంకేముంది, తల్లికి పిల్ల తెలీదు, మొగుడికి పెళ్ళాం తెలీదు. ఎవరు నువ్వంటే ఎవరు నువ్వని వాటిల్లో అవే కొట్టుకుని చచ్చాయి."

మేమందరం నోళ్ళు వెళ్ళబెట్టాం. టైలరు మాత్రం, "మరి ఈకలు మళ్ళీ వచ్చాయా మామా?" అన్నాడు ఆశగా. వాడికి కావలసింది ఆ ఒక్క ముక్కే.

"వచ్చేదాకా ఆగడానికి నాకు తీరికెక్కడిది? నేనే వేశా! బోడి చిలకలన్నిటికీ ఆకుపచ్చ రంగుతో ఒక్కో ఈకా గీశా. ఒక కోటింగుకి నడిచాయి, రెండో కోటింగుకి ఎగిరాయి. నెమలికి మాత్రం తొందర. ఆరలేదే తల్లీ ఆగవే అంటున్నా వినకుండా ఎగిరింది, దాని తోకలోంచి రంగులు కారి ఆకాశం పొడుగునా చారలు పడ్డాయి. వాన వెలిశాక మీరంతా నోరు తెరుచుకుని చూస్తారే, ఆ ఏడు రంగులూ, అవే! తుడిచేద్దామనుకున్నా గానీ అంత పొడుగు నిచ్చెన దొరకలేదు."

సైకిలు షాపతనికి టీ పొలమారింది. మామ ఆగలేదు.

"ఆ పెద్దాయన కళ్ళనీళ్ళు పెట్టుకుని సగం ఆస్తి రాసిస్తానన్నాడు. ఛీ అన్నా. నల్లుల రాజు కాపురమున్న చెక్క గూడొకటి అక్కడ పడుంటే, గెలిచినదానికి గుర్తుగా అది చాలని చంకలో పెట్టుకుని వచ్చేశా."

"ఇప్పుడదెక్కడుంది?" అంది అక్క.

"దాచుకునే బుద్ధి నాకు లేదమ్మా. పిట్టకి గూడు లేదని బాధపడుతుంటే మన టైలరుకే..."

మామ నాలిక కరుచుకున్నాడు. మా చూపులన్నీ పంజరంలోకి వెళ్ళాయి.

అక్క గరిటె పక్కన పెట్టింది. "అయితే మామా, రాజుగారిని తెచ్చి టైలరు ఇంట్లో కాపురం పెట్టించింది నువ్వేనన్నమాట."

టైలరు భుజం మీదున్న తెల్ల లైనింగు గుడ్డ బల్ల మీద పరిచి, గూడు బయటికి తీసి గట్టిగా తట్టాడు. చెక్కల సందుల్లోంచి కారప్పొడి రాలినట్టు రాలింది. రాలిన కారం నడవడం మొదలుపెట్టింది. మేమందరం ఒక్కసారి బెంచీ మీదినుంచి లేచాం, అందరికంటే ముందు మామ లేచాడు.

"వెల్ల వెయ్యి మామా, మేం చూస్తాం," అన్నాడు సైకిలు షాపతను.

"బ్రష్షు... బ్రష్షు ఇంట్లో ఉండిపోయింది."

అక్క గూడునీ గుడ్డనీ పొయ్యిలో పడేసింది. పిట్టని బుట్ట కింద మూసి, పంజరం మీద సలసల కాగే నీళ్ళు కుమ్మరించింది. "మళ్ళీ కొన్నాళ్ళకి ఇలాగే కడుగు, అంతే. ఈక వస్తుంది, కూతా వస్తుంది," అంది.

"అది కూసేదాకా మా అత్తయ్యకి తెల్లారేదెలా?" అని టైలరు మామ చొక్కా పట్టుకున్నాడు. వాడికంత కోపం రావడం మేమెప్పుడూ చూడలేదు. "రోజూ పొద్దున్నే మా కిటికీ కింద నుంచుని నువ్వే కూయాలి."

మర్నాడు తెల్లవారుజామున వీధంతా వింది ఆ ఈలని. సందు మొదట్లో నిలబడి మేం కూడా చూశాం. కిటికీ కింద మామ గొంతుక్కూచుని బుగ్గలు పొంగించి ఈల వేస్తుంటే, లోపల ముసలావిడ మంచం దిగిన చప్పుడైంది.

"అల్లుడూ, పిట్ట కూసింది, ఇంత గంజి పోయించు," అంది ఆవిడ. తర్వాత కాసేపు చెవొగ్గి, "గొంతు బొంగురుపోయిందిరా పాపం. అయినా ఇదివరకు ఇంతసేపు కూసేది కాదు, ఇప్పుడు మొదలెడితే ఆపదేంటి?" అంది.