మగ్గం మీద పెట్టిన ఎండ

“చిన్నమ్మా, కట్టకముందే ఇంటిని కంప్యూటర్లో చూపిస్తారే, నేను ఆ పనే నేర్చుకుంటాండా. ఎమ్మిగనూరులో మీ ఈ ఇంటికీ బొమ్మ తీయించినారంట?”

తీయించినాం మౌనికా. ఆదోనిలో. ఒక పిల్లోడు కొత్తగా ఆఫీసు పెట్టినాడు, టీవీలో చూపించినాడు. ముందు గది, తూర్పు కిటికీ, ఆ కిటికీలోంచి ఎండొచ్చి మగ్గం మీద పడతాంది. మీ చిన్నాయన లేచి టీవీ కాడికే పోయినాడు. నేసేవానికి వెలుతురు కంటే ఏం కావాల సెప్పు. మగ్గం ఈడనే అనేసినాడు. వంటిల్లు ఎనక్కి.

తూర్పున ఏముందో తెలుసు కదా నీకు, రెండంతస్తుల ఇల్లు. నడుమ సందులో మనిషి పక్కకు తిరిగి దూరాల. మా స్థలంలో రోజూ నిలబడి గోడలకు నీళ్లు కొట్టిందాన్ని నేనే. అయినా ఆ ఇల్లు మతికి రాలేదు. బొమ్మలో లేదు కదా, మాకూ లేకపాయె.

స్లాబు పడి, సెంట్రింగు విప్పినాక, మగ్గం గుంతకు గుర్తు పెడదామని పోయినాం. పట్టపగలు. ఆయన రెండు నూలు కండెలు పట్టుకోని కిటికీ కాడ నిలబడినాడు.

“ఏది నలుపు, ఏది నీలమే?”

నాకూ తెలియలేదు. ఆయన అట్లే కింద కూర్చున్నాడు. “మళ్లీ ఒకరి మగ్గం మీద కూలికే” అన్నాడు. సొంత మగ్గం కోసరమే కదా ఈ ఇల్లు.

ఆదోని బస్సెక్కినా.

“ఏమప్పా, ఆ ఎండ యాడిది?”

“ఎండ మనమే పెట్టుకుంటామక్కా. అందరూ అంతే.”

“పక్కింటి గోడేదీ?”

“అది మీది కాదు కదక్కా. పెడితే ఇల్లు మబ్బుగా కనబడతాది.”

“కనబడనీ. ఉండేది అట్లనే కదా.”

నవ్వబోయి నా మొకం చూసి ఆగినాడు. పాపం, పక్కింటి గోడ పెట్టి బొమ్మ మళ్లీ తీసినాడు. ముందు గది చీకటి. ఎనక గదికి మాత్రం పెరడు పక్క నుంచి వెలుతురుంది.

“మగ్గం ఆడ పెట్టప్పా.”

“మరి వంటిల్లక్కా?”

“ముందుకు.”

మా అత్త ఇప్పటికీ అంటాది, వచ్చినోళ్లంతా తిరగమాత దాటుకోని రావాల్సిందేనా అని. అననీలే. ఆయన నేస్తాండాడు, సొంత మగ్గం మీద. నేను పగలు కూడా బల్బు ఏసుకోని వండుతాండా.

నేర్చుకోమ్మా. గోడుంటే గోడ పెట్టు. ఇల్లు కట్టుకునేటోళ్లు ఆ పొద్దు తిడితే తిట్టనీ, బొమ్మ మార్చొచ్చు. సల్లగుండు తల్లీ. నీ చేతికి మంచి పేరు రావాల... దా, రెండు ముద్దలు తిందువు. ఆ లైటెయ్యి.