తోడికోడల్లో మంచి వెతికాను

నవ్వకండి పాస్టరు గారూ, ఇదంతా మీ వల్లే! "ఎదుటి మనిషిలో దేవుడు పెట్టిన మంచిని వెతకండి, వెతికి ఊరుకోక నోరు తెరిచి చెప్పండి" అన్నారా లేదా పోయిన ఆదివారం? నా ఖర్మ కొద్దీ, అదే, దేవుడి చిత్తం కొద్దీ, సోమవారం పొద్దున్నే మా తోడికోడలు ఎదురైంది.

తెలుసుగా, ఆస్పత్రి లాండ్రీలో ఇద్దరం ఒకే బల్ల దగ్గర దుప్పట్లు మడతపెడతాం. ఆ కొసలు తను, ఈ కొసలు నేను. మూడేళ్ళుగా "లాగు", "వదులు" తప్ప మూడో మాట లేదు.

వెతికానండీ. నేతిబీరకాయలో నెయ్యి వెతికినట్టు భోజనాల వేళదాకా వెతికాను. ఆఖరికి, దేవుడికి భయపడి, "నువ్వు మడతపెడితే దుప్పటికి ఇస్త్రీ అక్కర్లేదే" అన్నాను.

అంతే! దుప్పటి మీదే కూలబడి భోరుమంది. ఎవరో పోయారనుకుని సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. ఆస్పత్రి కదా! "మా అక్కయ్య నన్ను మెచ్చుకుందండీ" అని వెక్కుతోంది!

ఆ రోజు నుంచీ నాకు ఊపిరాడితే ఒట్టు. సాయంత్రం కాగానే మా ఇంట్లో ప్రత్యక్షం. అల్మారాలో బట్టలు మడత, ఆరేసిన తువ్వాళ్ళు మడత. మా ఆయన చదువుతున్న పేపరు కూడా లాక్కుని మడిచేసింది. కూర్చుంటే తననీ మడిచేస్తుందని ఆయన నిలబడే కాఫీ తాగుతున్నాడు!

అక్కడితో ఆగినా బాగుండేది. ఇవాళ చర్చిలో అందరి ముందూ లేచి సాక్ష్యం చెప్పలేదూ? "మూడేళ్ళ కిందట లాండ్రీలో బట్టలుతికే పెద్ద మిషను దగ్గర్నుంచి నన్ను తీసేసినప్పుడు అంతా చేతకానిదన్నారు. మా అక్కయ్య ఒక్కతే నాలో మంచి చూసింది" అని! అందరూ "స్తోత్రం" అన్నారు. నేను తల దించుకుంటే మీరు మురిసిపోయారు కూడా.

వినయం అనుకున్నారా? వినయమా, నా మొహమా!

ఆ మిషను పని నాకొస్తుందని ఆశపడి, "ఈవిడకి పని రాదు, బట్టలు చింపేస్తోంది" అని సూపర్‌వైజరుకి చీటీ రాసింది నేనేనండీ. పేరు పెట్టకుండా. ఒక్క గుడ్డ చింపలేదు పాపం తను. మిషను నాకూ రాలేదు, అది వేరే సంగతి.

ఏంటలా చూస్తారు? ప్రార్థన చేద్దామంటారా? చేద్దాం, చేద్దాం. ముందు చెప్పులేసుకోండి, తనింటికి పోవాలి. చెప్పేది నేనే చెప్తాను, మీరు గుమ్మం దగ్గర నిలబడితే చాలు.

కొడితే కొట్టనివ్వండి, అడ్డం రాకండి. ఒకవేళ క్షమించేసిందనుకోండి... అప్పుడు మాత్రం నన్ను కాస్త పట్టుకోండి, పాస్టరు గారూ.