ఉడుము మద్దిలేటిని అల్లుణ్ణి చేసుకున్న జట్టు

చిన్నపరెడ్డి అని ఒగాయప్ప ఉండె, మా గుమ్మడిదొడ్డిలో. ఊరికి పెద్ద. మనిషి మంచోడే, గానీ తిర్నాల దగ్గరికొస్తాందంటే చాలు, ఆయప్పకు కూడు సహించేది కాదంట. ఎందుకంటావా? ఏమైందంటే, మా ఊరికీ ఏటికి అవతలుండే కంబళదిన్నెకూ ప్రతి తిర్నాలకూ చెడుగుడు పందెం. ఓడిన ఊరి పెద్ద, గెలిచిన ఊరి పెద్దకు అందరి ముందరా తలపాగా చుట్టల్ల. అదీ ఆనవాయితీ. మావోళ్ళు ఓడిపోయేదే ఒగ అలవాటు చేసుకున్నారనుకో. ప్రతి ఏడూ రెడ్డే చుట్టేది, కంబళదిన్నె పెద్ద తల వంచుకొని నవ్వుకుంటా చుట్టించుకునేది. అంతటితో అయిపోతే బాగుండు. రెడ్డి కూతురు ఓబుళమ్మను ఇచ్చింది గూడా ఆ కంబళదిన్నెకే. ఆ పిల్ల బావికి నీళ్ళకు పోతే ఆడోళ్ళు ఊరుకోరు గదా, "ఏమే ఓబుళమ్మా, మీ నాయన తలపాగా ఎంత పొందిగ్గా చుడతాడే! బాగా చెయ్యి తిరిగిపోయినాది" అంటా పకపకా నవ్వేదంట. ఆ ఏడు ఉగాదికి పుట్టింటికొచ్చి, "నాయనా, ఈసారి గూడా ఓడిపోయేపనైతే నన్ను ఆ ఊరికి పంపించొద్దు, ఈడనే ఏదో కలుపు తీసుకోని బతుకుతా" అని ఏడ్చిందంట. ఆడపిల్ల కంట్లో నీళ్ళు చూస్తే యా నాయన ఊరుకుంటాడు, చెప్పు?

మావోళ్ళు ఎందుకు ఓడిపోయేదంటే, అంతా ఒగే మనిషి వల్ల. తిమ్మన్న. కంబళదిన్నె తిమ్మన్న కూతకొచ్చినాడంటే ఆ ఊపిరి తెగేది లేదు, మనిషి దొరికేది లేదు. కొలిమికాడ తిత్తి ఉంటాది చూడు, అట్లాంటి రొమ్ము. తమాషా ఏమంటే, ఈ తిమ్మన్న మా జట్టుకు పెద్దయిన సుంకన్నకు సొంత మేనమామ. మేనమామే గానీ ఐదారేండ్లే పెద్ద. సుంకన్న నాయన చచ్చిపోయినాక, సుంకన్ననూ వాని చెల్లెలు లింగమ్మనూ సాకింది ఆయప్పే. సుంకన్నకు చెడుగుడు నేర్పించింది గూడా ఆయప్పే. ఇంగ నేర్పించినోనికి తెలియని పట్టు సుంకన్న యాడ్నుంచి తెస్తాడు?

ఇట్లుండగా ఒగ కబురొచ్చింది. సింగవరంలో మద్దిలేటి అని ఒగడుండె. ఉడుము మద్దిలేటి అనేది జనం. కాలు పట్టినాడంటే ఇంగ అంతే, ఉడుము పట్టే. అట్లాంటోడు ఆ ఊరి జట్టును ఇడిసిపెట్టి వచ్చేసినాడంట. ఎందుకయ్యా అంటే, పందెం గెలిచిన నాడు పొట్టేలు తలకాయ కూర వీనికి పెట్టకుండా, ఊరికొచ్చిన చుట్టానికి పెట్టినారంట. "పట్టింది నేను, తలకాయ వానికా?" అని చేతిలో ముద్ద విస్తట్లో ఇసిరికొట్టి లేచి వచ్చేసినాడు. ఇప్పుడు యా ఊరికీ కట్టుబడిలేడు. పిలిచినోళ్ళ ఊరికి పోతాడంట. గానీ ఊరికే పోడప్పా! దినామూ కోడి కావల్ల. ఒగ ఎనుము పాలు ఒగ చుక్క ఎవురికీ పొయ్యకుండా వానికే పొయ్యల్ల. సాయంత్రమైతే కాళ్ళకు నూనె రుద్దేకి మనిషి కావల్ల.

రెడ్డి చావిట్లో జనాన్నంతా కూడేసినాడు. తెద్దామనేటోళ్ళు ఒగ పక్క, వద్దనేటోళ్ళు ఒగ పక్క. సుంకన్నకు రోషం. "రెడ్డీ, మేం ఏడు మందిమీ దెబ్బలు తినుకుంటా ఆడేటప్పుడు ఒగనాడు కోడిగుడ్డు గూడా పెట్టల్యా మీరు. యాడ్నో పుట్టినోనికి కోడిపుంజులా? అయినా వాడొస్తే మాలో ఎవుర్ని తియ్యమంటావు?" అన్నాడంట. అనేసరికి జట్టులో ఈరన్న అనేటోడు దిగ్గున లేచి, "నన్ను తియ్యండి సామీ, మీకు పుణ్యముంటాది. పోయిన తిర్నాలకు తిమ్మన్న తన్నిన తన్నుకు నా నడుము ఇంగా వంగల్యా" అని దండం పెట్టినాడంట. అందరూ నవ్వినారు. గానీ నరసక్క అని ఒగ ముసిలామె, కాన్పులు చేసే ఆమె, ఊర్లో సగం మందిని ఆమె చేతుల్తోనే భూమ్మీదికి తెచ్చింది, ఎవురికీ భయపడేది కాదు, ఆమె అన్నాది: "రెడ్డీ, ఎద్దును తెచ్చుకుంటే గాటికి కట్టేస్తాం. మనిషిని తెచ్చుకుంటే యాడ కట్టేస్తావు? ఈ పొద్దు తలకాయ కూరకు సింగవరం ఇడిసినోడు, రేపు తొడ ముక్కకు గుమ్మడిదొడ్డి ఇడవడా?" అన్నాది. మాట అట్లాంటిది. రెడ్డి మాత్రం, "కట్టేసేది తరువాత చూద్దాంలే, ముందు రానీ" అన్నాడంట. కూతురి ఏడుపు కళ్ళ ముందరుంటే ఆయప్పకు ఇంగొగ మాట యాడ చెవికెక్కుతాది?

వచ్చినాడు మద్దిలేటి. గజ్జెల బండి కట్టి పిలుచుకోనొచ్చినారు. కూడు వండి పెట్టే పని సుంకన్న ఇంటికే పడింది, జట్టుకు పెద్ద గదా. సుంకన్న మొగం మాడ్చుకున్నా, వండేది లింగమ్మ గదా. దినామూ కోడి, సంగటి, ముంతెడు పాలు. ఆ తినేది చూసి ఊర్లో పిల్లోళ్ళు గోడెక్కి కూచునేదంట. గానీ లింగమ్మ ఒగటి కనిపెట్టింది. తిన్నాక వాడు తన గిన్నె తనే కడిగి బోర్లిచ్చి పోతాడు. "ఏమప్పా, నీకెందుకు ఆ పని?" అంటే, "చిన్నప్పుడే అమ్మ పోయిండాదిలే, అలవాటైపోయె" అన్నాడంట. అంత పెద్ద దేహం, తల వంచుకోని ఆ మాట చెప్పినాడంట. ఆ పొద్దు నుంచి లింగమ్మ సంగటిలో నెయ్యి కొంచెం ఎక్కువే పడిందని చూసినోళ్ళు చెప్తారు. నేను చూళ్ళేదులే.

ఇంగ బరిలో దించి చూస్తే, వాడు నిజంగానే ఉడుమే. ఈరన్నను పట్టినాడు, ఈరన్న "వదులప్పో, ఆటైపోయింది" అని మొత్తుకున్నా ఆ పట్టు ఇడిపిచ్చేకి ఇద్దరు మనుషులు కావల్సొచ్చింది. సుంకన్నకు గూడా మనసు మెత్తబడింది. అంతలోనే ఇంగో కబురు. కంబళదిన్నె వాళ్ళు గూడా వాని దగ్గరికి మనిషిని పంపినారంట, కోడేంది, మేం పొట్టేలే పెడతాం రా అని. రెడ్డి పరిగెత్తుకోని నరసక్క దగ్గరికి పోయి, "అక్కా, నువ్వన్నట్టే అయితాంది, ఇప్పుడు వాణ్ణి యాడ కట్టెయ్యల్ల?" అంటే, ఆమె నవ్వి, "అడగాల్సింది నన్ను కాదు, లింగమ్మను" అన్నాది. అప్పటికి గానీ రెడ్డికి దీపం వెలగలే. మనిషిని కట్టేసే తాడు ఒగటుండాది గదా, మూడు ముళ్ళది! వరస చూసినారు, వాళ్ళూ వీళ్ళూ ఒగటే కులం, వరస గూడా కలిసింది. లింగమ్మను అడిగితే, "మా యన్న సరే అంటే సరే" అని ఇంట్లోకి పోయిందంట. మద్దిలేటిని అడిగితే చెవులు ఎర్రగైపోయినాయంట. నరసక్క మాత్రం, "రెడ్డీ, ఒగటి గుర్తు పెట్టుకో. ఆ తాడు కట్టేది వాడు, కట్టించుకునేది పిల్ల. చివరికి కట్టుబడేది మాత్రం మీరందరూ" అన్నాది. ఎవురూ ఇనిపించుకోలే. పెండ్లి హడావిడి గదా.

పెండ్లయింది. నాయన లేని పిల్ల గదా, కన్నెను ధార పోసింది ఎవురనుకుంటాండారు? మేనమామ తిమ్మన్న. కంబళదిన్నె నుంచి పెండ్లాంతో వచ్చి, పీటల మీద కూచోని, మద్దిలేటి కాళ్ళు కడిగి, ఆ నీళ్ళు నెత్తిన చల్లుకున్నాడు. చందం చూడండి. తనను పట్టేకి తెచ్చుకున్నోని కాళ్ళు తనే కడిగినాడు! మద్దిలేటి కాళ్ళకు మొక్కితే, "చల్లంగుండు నాయనా, మొగపిల్లోడు పుట్టల్ల" అని దీవించినాడు. ఆయప్ప ఎవురు మొక్కినా అదే మాట అనేది. ముసిలోళ్ళు మొక్కినా అదే మాటంట.

ఇంగ ఆడ్నుంచి మొదలైంది కథ. ముందు వాడు జట్టులో ఆటగాడు. ఇప్పుడు ఊరి అల్లుడు. ఆటగాన్ని "లేరా, పరిగెత్తరా" అని తిట్టచ్చు. అల్లుణ్ణి అంటే ఎట్ల? సుంకన్న పొద్దున్నే పోయి మంచం పక్కన నిలబడి, "బావా, కొంచెం లేస్తావా, మనోళ్ళు బరికాడ కాచుకోనుండారు" అనల్ల. బావ ఆవులిచ్చి, "నడుము పట్టేసినట్టుండాది సుంకా, రేపు చూద్దాం" అంటాడు. దానికి తోడు ఇంటింటా విందు. ఈ పొద్దు వీళ్ళింట్లో ఓళిగలు, రేపు వాళ్ళింట్లో కోడి. అల్లుణ్ణి పిలవకపోతే తప్పు గదా! గిన్నె కడిగేది గూడా మానేసినాడు. అల్లుడు గిన్నె కడిగితే ఊరి పరువు పోతాదని ఊరోళ్ళే మానిపించినారు. ఎవుర్ని అని ఏం లాభం?

తిర్నాల వచ్చింది. బరి చుట్టూ జనం. కంబళదిన్నె జట్టు నూనె పూసుకోని దిగింది. మావోళ్ళు చూస్తే ఆరు మంది. మద్దిలేటి లేడు. యాడికి పోయినాడంటే, ఇంట్లో మంచం మీద దుప్పటి మొగం నిండా కప్పుకోని పండుకోనుండాడు. అలిగినాడంట! అల్లుడు అలిగితే ఇంగేముంది? రెడ్డి పోయి, "నాయనా, ఏం కావల్ల, దూడతో సహా ఎనుము తోలిస్తా" అంటే పలకడు. సుంకన్న పోయి బావా బావా అని బతిమాలితే దుప్పటి ఇంగా బిగిచ్చి పట్టుకుంటాడు. పాపం బొరుగులు తినుకుంటా తిరుగుతాండే ఈరన్నను రెక్క పట్టుకోని లాక్కపోయి బరిలో నిలబెట్టినారు. వాడు ఒగ చేత్తో నడుము పట్టుకోని, ఇంగో చేత్తో దేవునికి మొక్కుకుంటా నిలబడినాడు.

అందరూ బరికాడికి ఎలబారిపోయినాక లింగమ్మ మంచం మీద కూచోని దుప్పటి లాగేసింది. చూస్తే వాని కళ్ళల్లో నీళ్ళు. "ఏమప్పా, ఏమొచ్చింది నీకు?" అంటే, వాడు చెప్పినాడు: "నాకు ఎనుమూ వద్దు, ఏమీ వద్దు లింగీ. తిమ్మన్న మామ నా కాళ్ళు కడిగినాడు. నన్ను నాయనా అని దీవించినోడు నాకు ఆయనొక్కడే. ఆయన కాలు పట్టి మన్నులోకి ఎట్ల లాగల్ల? చెయ్యి రాదు నాకు. ఆ మాట మీ యన్నతో చెప్తే, కూడు తిని మోసం చేసినాడంటారు." తిమ్మన్న సాకిన పిల్ల గదా లింగమ్మ గూడా. కళ్ళు తుడుచుకోని, "కాళ్ళు లాగేది తప్పు. నేనూ ఒప్పుకుంటా. కాళ్ళకు మొక్కేది తప్పు కాదు గదా? నువ్వు మొక్కు. మొక్కి లేసేది కొంచెం ఆలస్యం చెయ్యి. అంతే" అన్నాదంట. వాడు దుప్పటి అవతల పడేసి లేసినాడు.

ఈడ బరిలో అప్పటికే ఆట ఆఖరికొచ్చేసింది. సుంకన్న, ఈరన్న ఇద్దరే మిగిలినారు. అవతల తిమ్మన్న. ఈ ఒగ్గ కూతతో తేలిపోవల్ల. దొరికితే మాది, గీత దాటి పోతే వాళ్ళది. అంతలో జనాన్ని తోసుకుంటా మద్దిలేటి వచ్చినాడు. వాణ్ణి చూస్తానే ఈరన్న ఎవురూ చెప్పకనే బయటికి దూకినాడు, అప్పుడు నడుము నొప్పి ఏమైందో మరి! పొరుగూరి అయ్యవారు న్యాయం చెప్పేకి వచ్చిండె, ఆయన సరే అన్నాడు. తిమ్మన్న వచ్చినాడు, చెడుగుడుగుడుగుడు అంటా, పులి వచ్చినట్టు. సుంకన్నను ఒగ తోపు తోసినాడు, వాడు పోయి జనంలో పడినాడు. తిరిగి గీత వైపు మళ్ళుతాండాడు. మద్దిలేటి ఏం చేసినాడంటే, అడ్డం పోలే, మీద పడలే. మోకాళ్ళ మీద కూచోని, రెండు చేతుల్తో రెండు పాదాలూ పట్టుకోని, తల ఆనిచ్చి, "మామా, దండం" అన్నాడు. తిమ్మన్న కూత అట్లనే ఉండాది, చెడుగుడు చెడుగుడు చెడు... చెయ్యి దానంతట అదే పోయి వాని నెత్తిన పడింది. నోరు దానంతట అదే తెరుచుకుంది. "చల్లంగుండు నాయనా, మొగపిల్లోడు పుట్టల్ల!"

అయిపోయె. కూత తెగిపోయె.

ఒగ్గ క్షణం ఎవురికీ అర్థం కాలే. తరువాత లేసినారప్పా రెండు ఊర్లూ! కంబళదిన్నె పెద్ద, "ఇది మోసం, దండం పెట్టి దొంగాట ఆడతారా?" అని కేకలు. మావోళ్ళు, "కూత తెగినాదా లేదా, అది చెప్పు!" అని కేకలు. కట్టెలు గూడా లేసినాయంట. అయ్యవారు ఎటూ చెప్పలేక నీళ్ళు నములుతాండాడు. అప్పుడు తిమ్మన్నే చెయ్యి పైకెత్తినాడు. మద్దిలేటి ఇంగా పాదాల మీదనే ఉండాడు. తిమ్మన్న వాణ్ణి లేపి నిలబెట్టి, తన ఊరోళ్ళ దిక్కు తిరిగి, "నోరు నాది. దీవించింది నేను. కూత తెగలేదని చెప్పల్లంటే, ఆ దీవెన నేను అనలేదని చెప్పల్ల. నేను సాకిన పిల్ల కడుపు మీద పెట్టిన దీవెనను ఒగ తలపాగా కోసరం ఎనక్కి తీసుకోమంటారా? నేను దొరికిపోయినా. పోండి ఇంట్లకు" అన్నాడు. కంబళదిన్నె పెద్ద వచ్చి రెడ్డికి తలపాగా చుట్టినాడు. అలవాటు లేని పని గదా, ఒగ పక్కకు ఒరిగిపోయి చెవి మీదికి జారిందంట. రెడ్డి దాన్ని సరిచెయ్యకుండా అట్లనే మూడు దినాలు పెట్టుకోని తిరిగినాడు.

ఓబుళమ్మ నిక్కుకుంటా బావికి పోయిందంట. పోతే ఆడోళ్ళు, "మీ పుట్టింటోళ్ళు కాళ్ళు పట్టుకోని గెలిచినారంట గదే!" అని మళ్ళీ నవ్వినారంట. ఓడినా మాటే, గెలిచినా మాటే. గానీ ఈసారి ఆ యమ్మ ఏడవలే. "పట్టుకున్నామమ్మా. మీ మొగోళ్ళ కాళ్ళు మా మొగోళ్ళ చేతికి దొరికినాయని ఊరంతా చెప్పుకోండి" అని కడవ ఎత్తుకోని వచ్చేసిందంట.

అయినా పంచాయితీ తీరిందనుకున్నారా? యాడ తీరతాది! ఏడాది తిరిగేసరికి లింగమ్మ కానుపైంది. ఆడపిల్ల. ఆ మాట ఏరు దాటి పోయిందో లేదో, కంబళదిన్నె నుంచి బండి నిండా మనుషులొచ్చినారు. ఏమిటయ్యా అంటే, "మావోడు మొగపిల్లోడు అని దీవించె, పుట్టింది ఆడపిల్ల. దీవెన పారలే. దీవెన చెల్లనప్పుడు ఔటు గూడా చెల్లదు. తలపాగా ఎనక్కిచ్చెయ్యండి" అని కూచున్నారు. రెడ్డి తల పట్టుకున్నాడు. అంతలో లింగమ్మ బిడ్డను చంకనేసుకోని చావిట్లోకొచ్చి, "మొగపిల్లోడు పుట్టల్ల అన్నాడు మా మామ. మొదటి కాన్పులోనే పుట్టల్ల అన్నాడా?" అన్నాదంట. వచ్చినోళ్ళు, ఇది తేలేదాకా ఆగుదాంలే అని, ఇంత సంగటి తిని బండి తిప్పుకున్నారు. ఆ యమ్మకు తరువాత పుట్టినోళ్ళు గూడా అంతా ఆడపిల్లలే. తిమ్మన్న మాత్రం పుట్టినప్పుడల్లా వచ్చి ఎత్తుకోని ముద్దాడి పోయేదంట. ఇప్పటికీ కంబళదిన్నెవాళ్ళు ఆ తిర్నాల మేమే గెలిచినామంటారు, మావోళ్ళు మేమంటారు. యా ఊరిది న్యాయమో నన్నడగొద్దండి. నాకు పిల్లనిచ్చింది కంబళదిన్నెవాళ్ళు, పొద్దున్నే కూడు పెట్టేది ఆమే.